రొదకు బహిరంగ లేఖ: నీ తప్పు మా చెవుల ఖాతాలో వేయకు

రొదా,

నీతో చాటుగా మాట్లాడి ప్రయోజనం లేదు. నువ్వు నా ఒక్కదాని ఇంట్లో ఉండేదానివైతే తలుపు మూసి పోరాడేదాన్ని. నువ్వు మా బ్యాంకులో ఉన్నావు, బస్టాండులో ఉన్నావు, ఆసుపత్రి ఓపీలో, పిల్లల బడిలో, పెళ్లి మండపంలో ఉన్నావు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఉరుము, రైలు కూత, కుక్కర్ విజిల్ వచ్చి పోతాయి. నువ్వు పోవు. సీలింగ్ ఫ్యాను గాలిలో, ఏసీ గొణుగుడులో, పాస్‌బుక్ ప్రింటరు గరగరలో, నోట్లు లెక్కపెట్టే మిషన్‌లో, ఎవరూ చూడకపోయినా హాల్లో మోగుతూ ఉండే టీవీలో నువ్వే. ఎవరు మాట్లాడినా ఆ మాట వెనక నిలబడతావు. బాగా వినపడేవాళ్లు నిన్ను అసలు గుర్తించరు. వాళ్ల మెదడు నిన్ను పక్కకు నెట్టి మాటను దగ్గరకు తీసుకుంటుంది. నాలాంటివాళ్లకు మాటకంటే ముందు నువ్వే అందుతావు.

నాకు రెండు చెవుల్లోనూ నరాల సంబంధమైన వినికిడి లోపం ఉంది. రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంటాను. కరీంనగర్‌లో ఒక బ్యాంకు శాఖలో పనిచేస్తాను, నా పనిని నేను బాగా చేస్తాను. నా వినికిడి పోవడానికి కారణం నువ్వు కాదు. ఆ నింద నీ మీద వేయను. నా అభియోగం వేరే. ఒక గదిలో నాకు మాట అందకపోతే అందరూ నా చెవి వైపే చూస్తారు, నీ వైపు ఎవరూ చూడరు. నా చెవిలో పోయింది తిరిగి రాదు. గదిలో ఉన్న నిన్ను మాత్రం తగ్గించవచ్చు, కొన్నిచోట్ల పూర్తిగా తీసేయవచ్చు. చెయ్యడానికి వీలున్న సగాన్ని గాలికి వదిలేసి, వీలులేని సగాన్ని పట్టుకుని మనిషిని తక్కువ చేయడం అన్యాయం. ఈ ఉత్తరం ఆ అన్యాయం గురించి.

ముందు నువ్వు మాటను ఎలా తినేస్తావో చెబుతాను.

మాటలో అచ్చులు బలమైనవి. వాటి శక్తి ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది. హల్లులు బలహీనమైనవి. స, శ, త, ప, క లాంటివి పలచటి గాలి శబ్దాలు. ‘స’ బలమంతా సుమారు 4000 హెర్ట్జ్‌కు పైనే ఉంటుంది. వయసు వల్ల వచ్చే లోపం గానీ, చప్పుడు వల్ల వచ్చే లోపం గానీ ముందు దెబ్బతీసేది ఆ పైభాగాన్నే. నీ బలమేమో కిందిభాగంలో. ఫ్యాన్లు, ఏసీలు, ఇంజన్లు, జనరేటర్లు అన్నీ అక్కడే మోగుతాయి. గట్టిగా ఉన్న కింది శబ్దం తనకంటే పైనున్న మెత్తని శబ్దాలనూ కప్పేస్తుంది. లోపం వల్ల నాకు హల్లుల్లో సగం పోతే, మిగిలిన సగాన్ని నువ్వు మింగేస్తావు.

తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుకని మాట పూర్తిగా మాయం కాదు, దాని తోక మిగులుతుంది. కాలు, పాలు, చాలు... నా చెవిన పడేది ఆ చివరి ‘ఆలు’ ఒక్కటే. కౌంటరు అవతల మనిషి పదమూడు వేలన్నాడో పదిహేడు వేలన్నాడో తేల్చుకోవాలి. బ్యాంకులో ఈ తేడాకు ఎంత విలువో వేరే చెప్పనక్కర్లేదు. పెదవులు చూసి పట్టుకుందామంటే అక్కడా దక్కేది కొంతే. పాట, బాట, మాట అనేటప్పుడు మూడింటికీ పెదవులు ఒక్కలాగే కలిసి విడిపోతాయి. క, గ వెనక ఎక్కడో పుడతాయి, పెదవి మీద కనిపించవు. మిగతాదంతా సందర్భం చూసి ఊహించుకోవాలి. నువ్వు లేని గదిలో ఆ ఊహ సులువుగా సాగుతుంది. నువ్వున్న గదిలో ప్రతి వాక్యమూ ఒక లెక్క చేసినంత పని.

కళ్లజోడు పెట్టుకుంటే అక్షరం స్పష్టమైనట్టే, చెవి మిషన్ పెట్టుకుంటే మాట స్పష్టమైపోతుందని లోకం నమ్మకం. అది సగమే నిజం. లోపలి చెవిలో ఒక్కో వైపు సుమారు 15 వేల రోమకణాలు ఉంటాయి. అవి కదిలితేనే శబ్దం నరంలోకి సంకేతంగా వెళుతుంది. కోడిపిల్లల్లో అవి పాడైతే మళ్లీ పుడతాయి. మనుషుల్లో పుట్టవు. మంచి డిజిటల్ మిషన్ ఏ పౌనఃపున్యాన్ని ఎంత పెంచాలో ఎంచుకుని పెంచుతుంది, ఎదురుగా ఉన్న గొంతుకు ప్రాధాన్యం ఇస్తుంది, కొంతవరకు నిన్ను తగ్గిస్తుంది. కానీ మాట, నువ్వు ఒకే వైపు నుంచి కలిసి వస్తే మిమ్మల్ని విడదీయడం దానికి కష్టం. నా ముందు వరసలో మాట్లాడే పదిమంది కూడా మాటలే మాట్లాడుతున్నారు కదా. వాళ్లు నాకు రొద అనీ, ఎదురుగా ఉన్న పెద్దమ్మ మాట అనీ మిషన్‌కు ఎలా తెలుస్తుంది?

1953లో కోలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త ఈ సంగతి మీద ప్రయోగాలు ప్రచురించాడు. చుట్టూ అందరూ మాట్లాడుతున్నా మనిషి తనకు కావాల్సిన ఒక్క గొంతును ఎలా పట్టుకుంటాడన్నది ఆయన ప్రశ్న. రెండు చెవులకూ అందే శబ్దంలోని తేడాలను ఆరోగ్యమైన మెదడు అందుకు వాడుకుంటుంది. లోపమున్న చెవులు పంపే సంకేతంలో ఆ తేడాలు చెరిగిపోతాయి. అందుకే మాకు మాట నీకంటే ఇంకొన్ని డెసిబెల్స్ పైన ఉంటే తప్ప అర్థం కాదు. తరగతి గదిలో టీచరు గొంతు రొద కంటే కనీసం 15 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలని వినికిడి నిపుణులు చెబుతారు. పక్కనే రోడ్డు, పైన నాలుగు ఫ్యాన్లు, రేకుల కప్పు ఉన్న మన బడుల్లో వెనక బెంచీ పిల్లకు ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? ఆ పిల్లను మందబుద్ధి అంటారు. నిన్ను ఏమీ అనరు.

నీ వల్ల కలిగే అలసట గురించి కూడా చెప్పాలి. సాయంత్రం బ్యాంకు మూసేసరికి నా కళ్లు, మెడ, తల అన్నీ బరువెక్కుతాయి. నేను మోసింది బస్తాలు కాదు, మాటలు. ఇంటికి వచ్చాక కాసేపు మిషన్లు తీసి పక్కన పెడతాను. అలిగానని మా ఇంట్లో ఎవరూ అనుకోరు, ఆ విరామం ఎందుకో వాళ్లకు తెలుసు. వినికిడి తగ్గినవాళ్లు ఫంక్షన్లకు రావడం మానేస్తే పొగరు అనుకునే బంధువులకు ఇది తెలియాలి. మూడు గంటలు నీతో కుస్తీ పట్టి, నవ్విన చోటల్లా నవ్వి, ఏ మాటా దక్కక తిరిగి రావడం ఎంత ఒంటరితనమో అనుభవించినవాళ్లకే తెలుసు.

నా చెవుల నష్టానికి నిన్ను బాధ్యురాలిని చేయనన్నాను. మా నాన్న విషయంలో, మా బాపు విషయంలో మాత్రం అలా అనలేను.

బాపు సిరిసిల్లలో సాంచాలు నడిపాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. షటిల్‌ను ఒక వైపు నుంచి కర్ర కొడుతుంది, అవతలి వైపు ఆగగానే అక్కడి కర్ర మళ్లీ ఇటు కొడుతుంది. నిమిషానికి వందకు పైగా దెబ్బలు. అలాంటి సాంచాలు వరసగా ఆడే రేకుల షెడ్డులో చప్పుడు 90 డెసిబెల్స్ దాటడం మామూలు. పన్నెండు గంటల డ్యూటీ. పక్క సాంచ మీది మనిషితో చెప్పాలన్నా చెవిలో నోరు పెట్టి అరవాలి. చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లు. ఉత్త దూది చప్పుడును ఆపదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. యాభై దాటకముందే బాపు ప్రతి మాటకూ ‘ఏంది?’ అనడం మొదలుపెట్టాడు. సాంచాల సొంతదారైన ఆసామి దగ్గర లెక్క చూసుకునేటప్పుడు ఎంత కూలి కట్టాడో సరిగా వినపడక ఇచ్చినంత తెచ్చుకునేవాడు. ఊరంతా ‘వయసు మీద పడ్డది’ అంది. ఆయన మీద పడ్డది వయసు కాదు, నువ్వు.

ఇది లోకానికి కొత్తగా తెలిసిన సంగతి కూడా కాదు. వెనిస్‌లో రాగి పాత్రలు కొట్టే కంచరివాళ్లకు వినికిడి పోవడాన్ని ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని మూడు వందల ఏళ్ల కిందటే వృత్తి రోగాల మీద తన గ్రంథంలో రాశాడు. 1886లో గ్లాస్గో చెవి వైద్యుడు థామస్ బార్ అక్కడి బాయిలర్ కార్మికుల చెవులు పరీక్షించి, పనిచోటి చప్పుడే వాటిని పాడుచేస్తోందని చూపించాడు. లాంకషైర్ నూలు మిల్లుల్లో ఆడవాళ్లు మగ్గాల చప్పుడులో మాట వినపడక పెదవులను బాగా సాగదీసి, సైగలు కలిపి మాట్లాడుకునేవారు. ఆ పద్ధతికి ‘మీ-మోయింగ్’ అనే పేరు కూడా ఉంది. ఆ మిల్లుల పనివాళ్లూ, మా సిరిసిల్ల పనివాళ్లూ నీకు ఒకే తీరుగా పన్ను కట్టారు.

మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చప్పుడు వల్ల వచ్చే వినికిడి లోపాన్ని వృత్తి రోగాల జాబితాలో చేర్చింది. నష్టపరిహారం చట్టంలో కూడా అది ఉండేది. కానీ కరెంటు వాడే చోట కనీసం పదిమంది కార్మికులు ఉంటేనే ఫ్యాక్టరీ అని బాపు పనిచేసిన రోజుల్లో ఫ్యాక్టరీల చట్టం లెక్క. బాపు పనిచేసిన చిన్న షెడ్డు ఆ లెక్కలోకి రాలేదు. ఆయనకు ఏనాడూ ఎవరూ ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష పటం, తీయలేదు. చెవిని మూసే మఫ్‌లు ఇవ్వలేదు. తాండూరులో, చీమకుర్తిలో రాళ్లు కోసేవాళ్లకూ, రైసు మిల్లుల్లో, వెల్డింగ్ షాపుల్లో ఉన్నవాళ్లకూ నేను చెప్పేది ఒక్కటే. నువ్వు చేసే నష్టానికి నొప్పి ఉండదు. డ్యూటీ దిగాక చెవుల్లో గుయ్‌మంటుంది, తెల్లారేసరికి తగ్గుతుంది, తగ్గిందనుకుంటారు. ఏళ్ల తరబడి అలాగే జరిగితే ఆడియోగ్రామ్‌లో 4000 హెర్ట్జ్ దగ్గర ఒక గుంట కనిపిస్తుంది. ఆ గుంట మళ్లీ పూడదు. ఫోమ్ ఇయర్‌ప్లగ్గులకు పెద్ద ఖర్చు కాదు. వాటిని వేళ్లతో సన్నగా నలిపి, చెవిని పైకి లాగి లోపలికి పెట్టుకోవడం రెండు నిమిషాల్లో నేర్పవచ్చు. ఆసాములూ, యజమానులూ ఇంత మాత్రం చేయకపోవడానికి ఏ సాకూ లేదు.

నువ్వు పనిచోట పుట్టినప్పుడు కనీసం ఒక ఉత్పత్తి వెనక పుడతావు. ఊరేగింపుల్లో డీజే పెట్టెలు మోస్తున్న వ్యాన్లలో మాత్రం నిన్ను సరదాకే పుట్టిస్తున్నారు. 85 డెసిబెల్స్ చప్పుడులో ఎనిమిది గంటలు ఉండవచ్చని, ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుందని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ ప్రమాణం. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే. డీజే పెట్టె ముందు ఎగిరే పిల్లలు గంటల తరబడి అంతకంటే ఎక్కువ చప్పుడులో ఉంటారు. వాళ్ల చెవుల్లో ఆ రాత్రి పోయిన కణాలను ఏ పండుగా తిరిగి ఇవ్వదు.

నీకు హద్దులు గీసిన చట్టం ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లుండే ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ పగలు 50, రాత్రి 40. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బయట లౌడ్‌స్పీకర్లు మోగించకూడదు. 2005 జులైలో సుప్రీంకోర్టు జస్టిస్ ఆర్.సి. లహోటీ నాయకత్వంలోని ధర్మాసనం ఇంకా స్పష్టంగా చెప్పింది. మాట్లాడే హక్కు ఉన్నవాడికి, వినడం ఇష్టం లేనివాడి చెవిలో బలవంతంగా పోసే హక్కు లేదని ఆ తీర్పు సారాంశం. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. అది మంచి అడుగు. అది అన్ని ఊళ్లకూ, అన్ని మతాల ఊరేగింపులకూ, పార్టీల ర్యాలీలకూ, పెళ్లి బరాత్‌లకూ ఒకే తీరుగా వర్తించాలి. ఇది ఏ దేవుడి మీదా ఫిర్యాదు కాదు. దేవుడికి వినపడటానికి అంత చప్పుడు అక్కర్లేదని భక్తులకు తెలుసు.

ఇక మా బ్యాంకు విషయానికి వస్తాను. ఎందుకంటే నిన్ను తగ్గించవచ్చని నేను చెబుతున్నది ఊహించి కాదు, నేను పనిచేసే గదిలో చూసి చెబుతున్నాను.

నాకు లోపం ఉందని మొదటి రోజే నా పైవాళ్లకు చెప్పాను. దాచిపెడితే వచ్చే నష్టం పెద్దది. చెప్పకపోతే మన తడబాటును ఎదుటివాళ్లు అశ్రద్ధగానో, తెలివితక్కువగానో లెక్కేస్తారు. చెప్పాక ఏం కావాలో కూడా మనమే చెప్పాలి, ఎందుకంటే అది వాళ్లకు తెలియదు. నేను నాలుగు సంగతులు అడిగాను. నా సీటు వెనక గోడ ఉండాలి, అప్పుడు వెనక నుంచి నువ్వు రావు. పాస్‌బుక్ ప్రింటరు నా పక్కన కాకుండా అవతలి చివర ఉండాలి. నా నెత్తి మీది ఫ్యాను బాగుచేయించాలి, దాని బేరింగు అరుగుతోంది. కౌంటరు ముందు వెలుగు కస్టమరు ముఖం మీద పడాలి, వీపు మీద కాదు. వీటిలో ఖర్చయింది ఆ బేరింగుకే.

కౌంటరు అద్దం నాకు పెద్ద అడ్డు. మాట అద్దానికి తగిలి తిరిగిపోతుంది. అందుకని డబ్బు అంకెలు నోటితో తేల్చుకోను. స్లిప్పు మీద రాయమంటాను. రాయడం రానివాళ్లయితే నేనే పెద్ద అంకెలతో రాసి చూపించి, వాళ్లు తల ఊపాకే పని మొదలుపెడతాను. చదువు రాని పెద్దవాళ్లకు కూడా నోటు మీది అంకె తెలుసు. ఇలా చేయడం వల్ల నా దగ్గర అంకె తప్పడం తగ్గింది. బాగా వినపడే నా సహోద్యోగులు కూడా ఇప్పుడు ఆ పద్ధతే పాటిస్తున్నారు. వినికిడి తగ్గిన పెన్షనర్లు మా శాఖకు ఎంతోమంది వస్తారు, వాళ్లకు ఈ పద్ధతి వరం.

మీటింగుల్లో మాకు కొన్ని నియమాలున్నాయి. చర్చించే అంశాలు ముందురోజే వాట్సాప్‌లో వస్తాయి. ఏ విషయం మాట్లాడుతున్నారో తెలిస్తే పోయిన మాటల్లో సగం నేనే పూరించుకుంటాను. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మాట్లాడరు. మాట్లాడేముందు చెయ్యెత్తుతారు, నా చూపు అటు తిరుగుతుంది. గుండ్రంగా కూర్చుంటాం, అందరి ముఖాలూ కనిపిస్తాయి. బల్ల మధ్యలో చిన్న వైర్‌లెస్ మైకు పెడతాను, అది నేరుగా నా మిషన్లకు పంపుతుంది. ఆరుబయట మాట్లాడే మనిషికీ వినే చెవికీ మధ్య దూరం సగమైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. మైకు మాట్లాడేవాళ్లకు దగ్గరగా ఉండటమంటే ఆ దూరాన్ని బాగా తగ్గించడమే. నా ఫోనులో మాటను అక్షరాలుగా మార్చే యాప్ కూడా తెరిచి ఉంచుతాను. గూగుల్ 2019లో తెచ్చిన లైవ్ ట్రాన్‌స్క్రైబ్ రూపకర్తల్లో ఒకరైన దిమిత్రి కనెవ్‌స్కీ చిన్ననాటి నుంచే వినికిడి లేని శాస్త్రవేత్త. తనకు కావాల్సిందేమిటో తెలిసినవాడు చేసిన పని కాబట్టే అది అంతగా పనికొస్తుంది. తెలుగులో కూడా అది రాస్తుంది. నువ్వు ఎక్కువైతే మాత్రం అది కూడా తడబడుతుంది. యంత్రానికైనా, చెవికైనా ముందు నిన్ను తగ్గించడమే మందు.

మాతో మాట్లాడేవాళ్లకు ఒక మనవి. అరవకండి. రొదలో మనిషి గొంతు దానంతట అదే పెరుగుతుందని ఫ్రెంచి వైద్యుడు ఎత్తియెన్ లొంబార్ 1911లో ప్రకటించాడు. ఒకరు గొంతు పెంచితే పక్కవాళ్లు పెంచుతారు, గది మొత్తం కేకలవుతుంది. అలా నిన్ను నువ్వే పెంచుకుంటావు. పైగా అరిస్తే అచ్చులే పెరుగుతాయి, మాకు కావాల్సిన హల్లులు కాదు. ముఖం కోపంగా మారి పెదవుల ఆకారం చెడుతుంది. ముందు పేరుపెట్టి పిలవండి, ఎదురుగా రండి, మామూలు గొంతుతో కొంచెం నెమ్మదిగా చెప్పండి. అర్థం కాకపోతే అదే వాక్యాన్ని నాలుగుసార్లు అనకుండా మాటలు మార్చి చెప్పండి. ‘ఏం లేదులే’ అని మాత్రం వదిలేయకండి. మీకు అది చిన్న మాట. మాకు ఆ క్షణంలో తలుపు మూసేసినట్టే.

పనిచోట ఇవి ఎవరి దయతోనో రావాల్సినవి కావు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలు వైకల్యం ఉన్న ఉద్యోగికి తగిన సర్దుబాట్లు చేయాలి. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ఆ కారణంతో తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. మాట వినపడే పౌనఃపున్యాల్లో రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టం ఉన్నవాళ్లను ఆ చట్టం వినికిడి మందగించినవారిగా, 70 డెసిబెల్స్ నష్టం ఉన్నవాళ్లను బధిరులుగా గుర్తిస్తుంది. ప్రభుత్వ వైకల్య నిర్ధారణ శిబిరంలో పరీక్ష చేయించుకుని సర్టిఫికెట్ తీసుకోవాలి. 60కి లోపల ఉన్నవాళ్లు ఆ నిర్వచనంలోకి రారు. కానీ నీ దగ్గర వాళ్లూ అంతే నష్టపోతారు. 45 డెసిబెల్స్ నష్టం ఉన్న టీచరు గోల చేసే తరగతిలో పిల్ల అడిగిన ప్రశ్నను పట్టుకోలేదు. అందుకే సర్టిఫికెట్ చూపిస్తేనే ఫ్యాను బాగుచేయిస్తాననే అధికారిని నేను ఒప్పుకోను. నిన్ను తగ్గించడానికి ఎవరి వైకల్య శాతమూ అడగనక్కర్లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం ప్రపంచంలో 150 కోట్ల మందికి పైగా ఏదో ఒక స్థాయి వినికిడి లోపంతో బతుకుతున్నారు. వాళ్లలో 43 కోట్ల మందికి చికిత్స, మిషన్, శిక్షణ లాంటి సాయం అవసరం. మన దగ్గర ఆ సాయం లేకపోలేదు. హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మైసూరులో 1965 నుంచి వాక్, శ్రవణ సంస్థ పనిచేస్తోంది. మిషన్ కొనేముందు సరైన ఆడియోగ్రామ్ చేయించుకోవాలి. దాన్ని చూసి ఆడియాలజిస్టు అమర్చిన మిషన్ వేరు, దుకాణంలో పెట్టెలోంచి తీసి ఇచ్చే శబ్దం పెంచే పరికరం వేరు. రెండోది మాటతో పాటు నిన్ను కూడా అంతే పెంచి చెవిలో పోస్తుంది. అది పెట్టుకుని తలనొప్పి వచ్చి, మిషన్లంటేనే విసుగెత్తి బీరువాలో పడేసిన పెద్దవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు.

కొత్తగా మిషన్ పెట్టుకున్నవాళ్లకు మొదటి వారాల్లో నువ్వే పెద్దగా వినిపిస్తావు. చాలాకాలం తర్వాత గిన్నెల చప్పుడు, కాగితం గరగర, సొంత గొంతు అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. మెదడు వాటికి అలవాటు పడటానికి సమయం కావాలి. మొదట ఇంట్లో ఒక్కరితో, తర్వాత ఇద్దరితో, ఆ తర్వాత బజారులో పెట్టుకోండి. నచ్చని చప్పుళ్లు రాసిపెట్టుకుని మళ్లీ వెళ్లి ట్యూన్ చేయించుకోండి. మిషన్‌ను చెమట నుంచి కాపాడండి, మన ఎండాకాలంలో రాత్రిపూట సిలికా జెల్ డబ్బాలో పెట్టండి. ఆలస్యం చేయకండి. చాలాకాలం మాట అందని మెదడుకు తిరిగి మాటను పట్టుకోవడం కష్టమవుతుంది.

రొదా, బాపుకు ఈ వయసులో మిషన్ పెట్టించాం. మా ఇంట్లో భోజనాల వేళ టీవీ మోగదు. ఒకరి తర్వాత ఒకరం మాట్లాడతాం. ఆయన ఇప్పుడు మాటలో కలుస్తున్నాడు, మనవరాలి లెక్కల పరీక్ష గురించి అడుగుతున్నాడు. ఆయన చెవుల ఆడియోగ్రామ్ మారలేదు. మారింది గది. నీ మీద నా వాదనకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

కాబట్టి నిన్ను పెంచి పోషిస్తున్నవాళ్లందరికీ ఈ ఉత్తరం ద్వారానే చెబుతున్నాను. కల్యాణ మండపాల యజమానులారా, భోజనాల హాలు వైపు స్పీకర్లు పెట్టకండి. ఆసుపత్రులవాళ్లారా, పేరు పిలవడంతో సరిపెట్టకుండా టోకెన్ నంబరు తెరమీద చూపించండి. బడుల్లో వినికిడి తక్కువున్న పిల్లను ముందు వరసలో, కిటికీకి దూరంగా కూర్చోబెట్టండి. ఆఫీసులు కట్టేవాళ్లు గచ్చూ, అద్దమూ, గ్రానైటూ తప్ప ఇంకేమీ లేని హాళ్లు కట్టకుండా పైకప్పుకు శబ్దాన్ని పీల్చే పలకలు వేయండి, కిటికీలకు దళసరి పరదాలు కట్టండి. కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టుకోవడానికి వచ్చిన ముసలాయన మాట అధికారికి వినపడాలి, అధికారి మాట ఆయనకు వినపడాలి. ఇద్దరి మధ్య జనరేటరు ఉండకూడదు.

నీకు చెప్పేది ఇంకొక్కటే ఉంది. నువ్వు ఇన్నాళ్లూ బతికింది మా మొహమాటం మీద. వినపడకపోయినా వినపడినట్టు తల ఊపే లక్షల మంది మర్యాదే నీ బలం. ఆ మర్యాద మాకు ఇక అక్కర్లేదు. నువ్వున్న ప్రతి గదిలోనూ నేను లేచి నిలబడి, ఆ టీవీ ఆపండి, ఈ తలుపు మూయండి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి అని అడుగుతాను. సిగ్గుపడకుండా, క్షమాపణ చెప్పకుండా, ఎన్నిసార్లయినా అడుగుతాను. నాలాంటివాళ్లందరినీ అలాగే అడగమని కోరుతున్నాను.

ఇట్లు,
కరీంనగర్ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగిని